పాదం మీది పుట్టుమచ్చ

తెలుగువాడు ‘మిస్సమ్మ’ మాట ఎత్తగానే ముందు ఒక పాట కూనిరాగం తీస్తాడు. తరువాత రేలంగిని తలచుకొని నవ్వుతాడు. మూడవ మాటకు సావిత్రి కళ్ళ దగ్గరకు వస్తాడు. నాలుగవ మాట సాధారణంగా ఉండదు. మిత్రులారా, నేను వ్రాయబూనినది ఆ నాలుగవ మాటను గురించి.

పొగడ్తలకు కొరత లేని చిత్రం అది. దానిలో లోపం ఎంచబోతే పెద్దలు నొచ్చుకుంటారేమో అన్న జంకు నాకు లేకపోలేదు. అయినా ఒక ప్రశ్న ముప్ఫై ఏళ్ళకు పైగా నన్ను వెంటాడుతూ వచ్చింది. అది నా ప్రశ్న కాదు, మా పాఠశాలలో నాతోపాటు పనిచేసిన ఒక సైన్సు టీచరుగారిది. ఆమె క్రైస్తవురాలు. 1980ల చివర ఒక ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో ‘మిస్సమ్మ’ వేస్తే, టీవీ ఉన్న ఒక సహోద్యోగి ఇంట మేమందరం చేరి చూశాము. నవ్వి నవ్వి అలసి, ‘శుభం’ పడ్డాక కాఫీలు త్రాగుతున్నాము. అప్పుడు ఆమె నెమ్మదిగా అడిగింది: “మేరీ చివరిదాకా మేరీగానే ఉండి ఉంటే, ఆ పెద్దాయన ఆ పిల్లను ఇంట్లో ఉంచుకునేవాడా మాస్టారూ?”

భాషాప్రవీణ పట్టా జేబులో పెట్టుకొని తిరుగుతున్న కుర్ర పండితుణ్ణి నేను. ఆ ప్రశ్నకు ఏదో చమత్కారంగా బదులు చెప్పి తప్పించుకున్నాను. ఏమి చెప్పానో గుర్తులేదు. తప్పించుకున్న సంగతి మాత్రం గుర్తున్నది.

కథ అందరికీ తెలిసినదే. తరువాతి చర్చకు అవసరం కనుక రెండు ముక్కలు చెబుతాను. అప్పాపురం జమీందారు గోపాలంగారి పెద్దకూతురు మహాలక్ష్మి పదహారేళ్ళ క్రితం కాకినాడలో తప్పిపోయింది. ఆ బిడ్డ పేరిట ఆయన ఊళ్ళో ఒక బడి నడుపుతున్నాడు. దానికి పట్టభద్రులైన ఉపాధ్యాయ దంపతులు కావాలని పత్రికలో ప్రకటన వేయించాడు. మద్రాసులో ఉద్యోగంలేక తిరుగుతున్న ఎం.టి. రావు, మేరీ ఇద్దరూ ఆ ప్రకటన చూశారు. (ఎంటీ అంటే ఖాళీ అని మేము చిన్నప్పుడు చమత్కరించుకునేవాళ్ళము. జేబు సంగతి చూస్తే పేరు సార్థకమే.) అతడు హిందువు, ఆమె క్రైస్తవురాలు. డేవిడ్ అనేవాడి వద్ద చేసిన అప్పు ఆమె మెడకు చుట్టుకున్నది, వాడు పెళ్ళి పేరుతో వేధిస్తున్నాడు. దంపతులమని బొంకి ఇద్దరూ అప్పాపురం చేరారు. వారివెంట బిచ్చగాడు దేవయ్య. ఇంట్లో గోపాలంగారి రెండవకూతురు సీత, అపరాధ పరిశోధకుడనని భ్రమపడే మేనల్లుడు రాజు. రాజు చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే. తప్పిపోయిన మహాలక్ష్మి పాదం మీద పుట్టుమచ్చ ఉన్నది.

ఆ మచ్చ ఎవరి పాదం మీద ఉన్నదో చెప్పవలసిన పని లేదు.

ఈ కథ వంగదేశం నుండి వచ్చింది. రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’, శరదిందు బందోపాధ్యాయ కథ ‘డిటెక్టివ్’ — ఈ రెంటినీ చక్రపాణిగారు ఒకే దారాన గ్రుచ్చారు. ఆలూరి వెంకట సుబ్బారావు అనే ఆ తెనాలి మనిషి మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స పొందుతూ వంగభాష నేర్చుకొన్నారనీ, తరువాత శరత్ నవలలను తెనిగించారనీ తెలిసినదే. ఆయన అనువాదాలు చదువుతూ దేవదాసు మన పక్క ఊరివాడే అనుకున్న పాఠకులు తెలుగునాట ఎందరో ఉన్నారు. ‘మిస్సమ్మ’లోనూ అదే జరిగింది. వంగదేశపు వాసన ఎక్కడా మిగలలేదు. అప్పాపురం నూటికి నూరుపాళ్ళూ మన ఊరు.

చిత్రం తీసిన కాలాన్ని ఒకసారి తలచుకోవాలి. విజయావారు ‘పాతాళభైరవి’ (1951), ‘పెళ్ళిచేసి చూడు’ (1952) చిత్రాలతో జనం మనసు గెలుచుకొన్నారు. ఆపైన 1954లో వచ్చిన ‘చంద్రహారం’ దెబ్బతీసింది. ‘మిస్సమ్మ’ ఆ దెబ్బ తరువాతిది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. మాటలు చక్రపాణి, పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతం సాలూరు రాజేశ్వరరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లీ. విడుదల 1955 జనవరి 12న. ‘మిస్సియమ్మ’ పేరుతో అరవంలోనూ సమాంతరంగా తీశారు. అక్కడ రావు వేషం జెమినీ గణేశన్‌ది, అపరాధ పరిశోధకుడి వేషం తంగవేలుది. సావిత్రి మాత్రం రెండింటా సావిత్రే. 1957లో ఎ.వి.ఎం. వారికి ప్రసాద్‌గారే దీనిని ‘మిస్ మేరీ’గా హిందీలో తీశారు. మేరీ మీనాకుమారి, పరిశోధకుడు కిశోర్ కుమార్.

సావిత్రికి ఈ వేషం వచ్చిన తీరు ఒక కథ. మొదట మేరీగా భానుమతిగారిని తీసుకున్నారు. కొన్ని రీళ్ళు చిత్రీకరణ కూడా అయింది. వరలక్ష్మీవ్రతం నాడు పూజ ముగించుకొని ఆమె సెట్టుకు ఆలస్యంగా వచ్చారనీ, చక్రపాణిగారు క్షమాపణ కోరారనీ, ఆమె చెప్పననీ, దానితో ఆయన ఆ రీళ్ళు తగులబెట్టారనీ చిత్రసీమలో చెప్పుకొనే మాట. సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయింది, సీత వేషం జమునను వరించింది. లక్ష్మీపూజ కారణంగా ఒక నటి మేరీ పాత్రను పోగొట్టుకోవడం, ఆ మేరీయే చివరికి మహాలక్ష్మిగా తేలడం! విధికి కూడా శ్లేష తెలుసు కాబోలు.

ఇక గుణాలు. నా దృష్టిలో మొదటి గుణం, కథలోని అబద్ధాన్ని అల్లిన తీరు. హాస్యనాటకానికి ఒక అబద్ధం కావాలి, ఆ అబద్ధానికి పరువైన కారణం కావాలి. రావు, మేరీ మోసగాళ్ళు కారు, ఆకలిగొన్న చదువరులు. డిగ్రీ పట్టుకొని ఉద్యోగంకోసం వీధులు తిరిగే యువత 1950లలో చూచేవారికి కొత్త కాదు. ఇద్దరిలో ఒక్కరికే ఉద్యోగమైతే చిక్కు లేదు. ఇద్దరూ కావాలి, అందులోనూ దంపతులు కావాలి. ఈ ఒక్క షరతులో మూడు గంటల కథ ఇమిడి ఉన్నది. దంపతులనగానే ఆ ఇంటివారు వారిని కొడుకు కోడళ్ళవలె ఆదరించడం మొదలుపెడతారు. వారి ఆదరం పెరిగినకొద్దీ వీరి ఇబ్బంది పెరుగుతుంది. శత్రువు చేతిలో చిక్కినవాడికి పారిపోవడానికైనా దారి ఉంటుంది, ఇంత మంచివారి చేతిలో చిక్కినవాడికి అదీ లేదు. ఈ ఇరుకులోనుండి పుట్టిన నవ్వు కనుకనే డెబ్బై ఏళ్ళయినా పుల్లబడలేదు.

రెండవది సావిత్రి. అంతకు రెండేళ్ళ ముందే ‘దేవదాసు’లో పార్వతిగా కంటతడి పెట్టించిన పిల్ల ఇక్కడ కస్సుమంటుంది. మేరీ కోపిష్ఠి. మామూలుగా మన చిత్రాలలో కోపిష్ఠి కథానాయికకు చివరకు గుణపాఠం చెబుతారు. ఇక్కడ ఆ పని జరగలేదు. మేరీ కోపానికి కారణం ఉన్నది. తన మతాన్ని, తన మాటను, తన ఒంటరితనాన్ని కాపాడుకొంటున్న ఆడపిల్ల కోపం అది. ఆ కోపం మెత్తబడే క్రమాన్ని సావిత్రి మాటల్లో కంటె చూపులో ఎక్కువ చెప్పింది. రావు సీతకు సంగీతం నేర్పుతూ ఉంటే చూడలేక ఆమె పడే ఉడుకు గమనించండి. తన భర్త కాని మనిషి మీద, తనకు ఏ హక్కూ లేని మనిషి మీద అసూయ! ఆ హక్కు లేదని ఆమెకు తెలుసు, తెలిసికూడా ఆగలేకపోతున్నదని మనకు తెలుస్తుంది. ఆమె ఎదుట రామారావు నెమ్మది కూడా తక్కువది కాదు. ఎదుటివారి కోపాన్ని నవ్వుతూ మోసే పాత్ర అది, తాను ముందుకు తోసుకొని రాకుండా మోశాడు.

ఎస్.వి. రంగారావుకు అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. ఎన్.టి. రామారావుకంటె ఐదేళ్ళే పెద్ద. పెళ్ళీడు కూతుళ్ళ తండ్రిగా ఆయన నడక, నవ్వు చూచి ఎవరికీ ఆ లెక్క తట్టదు. అక్కినేని సంగతీ అంతే. ‘దేవదాసు’ విషాదం ఇంకా జనం కళ్ళలో ఆరనే లేదు, ఈయన భూతద్దం పట్టుకొని వచ్చాడు. తన కీర్తిని తానే వేళాకోళం చేసుకోగల నటులు ఎందరుంటారు?

పాటలకు వేరే వ్యాసం కావాలి, ఇక్కడ ఒక్క మాట. ఎ.ఎం. రాజా, పి. లీల, పి. సుశీల గొంతులు ఈ చిత్రానికి ఒక మెత్తదనం ఇచ్చాయి. పింగళివారు ఇందులో కవిత్వాన్ని బరువెక్కనీయలేదు. ఆడవారి మాటలకు వేరే అర్థాలుంటాయని చెప్పే ఆ పాట 2001లో ‘ఖుషి’లో మళ్ళీ మ్రోగింది, 2007లో దాని పల్లవి ఒక సినిమాకు పేరయింది. వెన్నెల పాటలో బార్ట్లీగారి కెమెరా చేసిన మాయను తరువాత ‘మాయాబజార్’ (1957) వెన్నెలతో పోల్చి చూచుకొనేవారున్నారు. నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అక్కడ గంధర్వలోకం, ఇక్కడ పెరడు.

ఈ గుణాలన్నిటికంటె నేను పెద్దదిగా ఎంచేది మరొకటి ఉన్నది. మేరీ తన మేరీమాతను ప్రార్థించే పాటను ఈ చిత్రం హాస్యానికి వాడుకోలేదు. ఆ పాటను హిందువులైన కవి, స్వరకర్త, గాయని కలసి ఎంత శ్రద్ధతో కట్టారంటే, మా ఊళ్ళో క్రిస్మస్ సందర్భంగా మైకులో ఆ పాట వినిపించేది, మా అమ్మ తులసికోట దగ్గర నిలబడి వినేది. 1955లో హిందూ ప్రేక్షకులు అధికంగా ఉన్న చోట కథానాయికను నిష్ఠగల క్రైస్తవురాలిగా నిలిపి, ఆమె నిష్ఠను గౌరవించి చూపడం చిన్న విషయం కాదు.

అందువల్లనే చివరిభాగం నాకు మ్రింగుడుపడదు.

ముందు చిన్న లోపాలు చెప్పి పక్కన పెడతాను. రెండవ సగంలో సంగీతపాఠాలు ఎక్కువయ్యాయి. రావు సీతకు నేర్పితే మేరీకి ఉడుకు, మేరీ రాజుకు నేర్పితే ఇంకొకరికి ఉడుకు. ఒకే తాళంలో తిరుగుతూ ఉంటుంది. ఉపాధ్యాయుడిగా ఇంకొక ఫిర్యాదు. ఏ బడి కోసం ఇంత కథ నడిచిందో ఆ బడి మెల్లగా తెరమీదనుండి జారిపోతుంది. ఇద్దరు పట్టభద్రులు వచ్చిన తరువాత ఆ పిల్లలకు ఒక అక్షరమైనా ఎక్కువ వచ్చిందా అని ఎవరికీ పట్టదు. డేవిడ్ పాత్రకు రమణారెడ్డి ప్రాణం పోశాడు గాని, ఆ పాత్రకు వేధింపు తప్ప వేరే లోకం లేదు. జమీందారు సంగతి: మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. 1955 నాటికి గోపాలంగారి జమీందారీ పేరుకే మిగలాలి. చిత్రంలో ఆయన దాతృత్వానికి ఎక్కడా లోటు కనిపించదు. ఇవన్నీ హాస్యచిత్రం తీసుకొనే చనువులు అనుకొని సరిపెట్టుకోవచ్చు.

పుట్టుమచ్చ అట్లా సరిపెట్టుకొనేది కాదు.

సంస్కృత నాటకాలు చదివినవారికి ఈ మచ్చ పాత చుట్టం. ‘మాళవికాగ్నిమిత్రం’ తలచుకోండి. ధారిణీదేవి అంతఃపురంలో మాళవిక పరిచారిక. రాజు అగ్నిమిత్రుడు ఆమెను వలచాడు. నాట్యాచార్యుల పోటీ, ఆమె నాట్యం, రాణుల అసూయ, విదూషకుడి ఎత్తులు, అన్నీ నడుస్తాయి. చివరికి విదర్భ నుండి వచ్చిన ఇద్దరు కళావతులు ఆమెను గుర్తుపడతారు. ఆమె దాసి కాదు, విదర్భ రాజకుమారి. ఇక పెళ్ళికి అడ్డేమున్నది? శ్రీహర్షుని ‘రత్నావళి’లోనూ ఇదే. సాగరిక అనుకున్న దాసి సింహళ రాజపుత్రిక. సంగీతపాఠం, అసూయ, విదూషకుడు, చివరి గుర్తింపు: చక్రపాణిగారు వంగదేశం నుండి తెచ్చుకొన్నా సామగ్రి మాత్రం కాళిదాసు ఇంటిదే. మాళవిక పాదం అశోకాన్ని పూయిస్తే మేరీ పాదం పెళ్ళి జరిపించింది. ఈ పోలిక కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇటువంటి నాటకాలలో ఒక ఒప్పందం ఉంటుంది. రాజు దాసిని ప్రేమించవచ్చు, ప్రేక్షకుడు ఆ ప్రేమకు ముచ్చటపడవచ్చు. అయితే చివరికి ఆమె దాసి కాదని తేలాలి. అప్పుడు రాజూ చెడడు, లోకమూ చెడదు, ప్రేక్షకుడు ముచ్చటపడిన పాపమూ అంటదు.

సంస్కృతంలోనే మరొక దారి ఉన్నది. శూద్రకుని ‘మృచ్ఛకటికం’లో వసంతసేన గణిక, చారుదత్తుడు పేదబడిన బ్రాహ్మణుడు. పది అంకాలు నడిచిన తరువాత వసంతసేన ఏ రాజు కూతురుగానూ తేలదు. గణికగానే ఉంటుంది. మారినది ఆమె పుట్టుక కాదు, ఉజ్జయిని రాజు. కొత్తగా రాజ్యానికి వచ్చిన ఆర్యకుడు ఆమెను ‘వధువు’ అన్న మాటతో గౌరవిస్తున్నట్లు శర్విలకుడు వచ్చి చెబుతాడు. మనిషి మారకుండా లోకం మారింది. ఎప్పటి నాటకం! మన గురజాడ కూడా ‘కన్యాశుల్కం’లో మధురవాణిని ఎవరి తప్పిపోయిన కూతురుగానూ తేల్చలేదు.

మాళవిక దారి, వసంతసేన దారి రెండూ కళ్ళముందు ఉండగా ‘మిస్సమ్మ’ మొదటిదానిని పట్టింది.

కాలం అట్లాంటిది, ఏమి చేస్తారు అని కొందరు అంటారు. ఈ వాదం నేనూ చేశాను, మనసులో, ఆ టీచరుగారికి ఇవ్వని జవాబుగా. కాలాన్ని పరిశీలించిన తరువాత అది నిలువలేదు.

‘మిస్సమ్మ’కు పదిహేడేళ్ళ ముందు, 1938లో, గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, సంపాలతగా కాంచనమాల. బ్రాహ్మణ యువకుడు హరిజన యువతిని పెళ్ళాడిన కథ. సంపాలత పాదం మీద ఏ మచ్చా లేదు. ఆమె ఎవరో మొదట ఎట్లా చెప్పారో చివరా అట్లాగే ఉంటుంది. మారినవారు అగ్రహారీకులు. పైగా ఆ చిత్రం తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు! 1938లో ఆ దారిన నడిచి ఒప్పించుకోగలిగిన ప్రేక్షకులకు 1955లో వెనుకటి దారి ఎందుకు అవసరమైంది?

ఇంకొక తేదీ ఉన్నది. దానిని మొదటిసారి పక్కపక్కన పెట్టి చూచినప్పుడు నేను కొంతసేపు కదలలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం అమలులోకి వచ్చినది 1955 జనవరి 1న. ‘మిస్సమ్మ’ విడుదలైనది జనవరి 12న. నడుమ పదకొండు రోజులు.

ఈ చట్టానికి ముందు 1872 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఒకటి ఉండేది. దాని క్రింద పెళ్ళాడాలంటే వధూవరులు తాము ఏ మతానికీ చెందినవారము కామని ప్రమాణం చేయాలి. 1923లో చేసిన సవరణ హిందూ, బౌద్ధ, జైన, సిక్కులకు వారిలో వారికి మాత్రమే ఆ ప్రమాణం తప్పించింది. హిందువు, క్రైస్తవురాలు కలసి ఆ చట్టం క్రిందకు రావాలంటే ఇద్దరూ తమ దేవుణ్ణి కాదనాలి. 1954 చట్టం ఆ షరతును తీసివేసింది. మతం మానక్కరలేదు, మారక్కరలేదు. రావు రావుగా, మేరీ మేరీగా రిజిస్ట్రారు ముందు నిలబడి సంతకం చేయవచ్చు. చట్టమేమీ పూర్తి ఉదారం కాదు. ముప్ఫై రోజుల బహిరంగ ప్రకటన పెట్టింది, ఆ పెళ్ళి చేసుకొన్న హిందువు ఉమ్మడి కుటుంబం నుండి విడిపోయినట్లే అని మరొక మెలిక పెట్టింది. అయినా తలుపు తెరిచింది.

చిత్రం అప్పటికే తయారై ఉంటుంది, చట్టాన్ని చూచి కథ మార్చుకొనే వ్యవధి లేదు, నిజమే. నేను చక్రపాణిగారిని నేరస్థుడిగా నిలబెట్టడం లేదు. చరిత్రలో ఒక వింత చెబుతున్నాను. పార్లమెంటు మేరీని మేరీగానే పెళ్ళిపీటల మీదకు రానిచ్చిన నెలలోనే, మన వెండితెర ఆమెను మహాలక్ష్మిగా మార్చి రానిచ్చింది. సాధారణంగా కళ ముందు నడుస్తుంది, చట్టం కుంటుకుంటూ వెనుక వస్తుందని మేము పిల్లలకు చెబుతాము.

మరొక నష్టం కూడా జరిగింది, దానిని ఎక్కువమంది గమనించినట్లు లేదు. అది పేరులోనే ఉన్నది. ‘మిస్సమ్మ’ అన్న మాటను సినిమా పుట్టించలేదు. తెలుగునాట మిషనరీ స్త్రీలకు, మిషను బడులలో చదువు చెప్పే పెళ్ళికాని పంతులమ్మలకు జనం పెట్టుకొన్న పిలుపు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు, మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీవారు బడులూ ఆసుపత్రులూ తెరిచారు. 1883లో గుంటూరు చేరిన వైద్యురాలు అన్నా కుగ్లర్ పేరు ఆ ప్రాంతం ఇంకా మరువలేదు. మత ప్రచారం వారి ఉద్దేశమే, కాదనను. ఆ నీడలోనే మన ఆడపిల్లలు ఎందరో పలకా బలపం పట్టారు, తొలి తరాల పంతులమ్మలలో, నర్సులలో ఎందరో క్రైస్తవ స్త్రీలు. కనుక 1955లో పట్టభద్రురాలైన పంతులమ్మ మేరీ అన్న పేరుతో ఉండడం చరిత్రకు చక్కగా అతికిన సంగతి. చక్రపాణిగారి చూపు అక్కడ పొరపడలేదు.

ఆ మేరీని పెంచినవారు పాల్ దంపతులు. ఆమె చదువు, ఆమె ప్రార్థన, ఆమె రోషం ఆ ఇంట పెరిగినవి. పుట్టుమచ్చ దొరకగానే ఆ సంపదంతా జమీందారుగారి ఖాతాకు జమ అవుతుంది. ఇంత మంచి పిల్ల ఎవరి పిల్లనుకున్నారు, మన పిల్లే! పెంచిన తల్లిదండ్రులు మంచివారుగానే కనిపిస్తారు, కానీ కథకు వారితో ఇక పని లేదు. దేవకి, యశోదల ఇద్దరి కథా తెలిసిన జాతి మనది. యశోదను అంత త్వరగా వాకిట నిలబెట్టి పంపడం మన సంప్రదాయం కూడా కాదు.

ఇంత చెప్పి, న్యాయంకోసం ఒకటి ఒప్పుకోవాలి. ఈ మధ్య చిత్రం మళ్ళీ చూచినప్పుడు కథాక్రమాన్ని కాగితం మీద వ్రాసుకొంటూ చూశాను, పరీక్ష పేపరు దిద్దే అలవాటు పోక. రావు మేరీని ప్రేమించినది మచ్చ దొరకక ముందు. మేరీ రావు కోసం ఉడికినది, వెన్నెలలో చందమామతో మొరపెట్టుకొన్నది మచ్చ దొరకక ముందు. గోపాలంగారి ఇల్లాలు, ఋష్యేంద్రమణి, ఆ పిల్లను అక్కున చేర్చుకొన్నదీ అంతకు ముందే. అంటే హృదయాల పని మొత్తం మేరీ మేరీగా ఉన్నప్పుడే పూర్తయింది. హాలులో కూర్చున్నవారు సైతం అప్పటికే మేరీని కోడలిగా ఒప్పుకొన్నారు, ఆ సంగతి వారికే తెలియకుండా. మచ్చ కొత్తగా సాధించినది ఏమీ లేదు. ఒప్పుకొన్నవారి భయం తీర్చడానికి పెట్టిన తాయెత్తు అది.

చిత్రం బలమూ బలహీనతా ఈ ఒక్క చోటే ఉన్నాయి. నవ్విస్తూ నవ్విస్తూ ప్రేక్షకుణ్ణి నదికి అవతలి ఒడ్డుదాకా తీసుకువెళ్ళారు. దిగబోయే సమయానికి, “భయపడకండి, ఇదీ మన ఒడ్డే” అన్నారు. ప్రయాణం అబద్ధం కాదు, అందుకే చిత్రాన్ని నేను వదులుకోలేను. చివరి మాట అబద్ధం, అందుకే ఆ టీచరుగారి ప్రశ్నను కూడా వదులుకోలేను.

ఆమె ప్రశ్నకు నేను మాటలలో జవాబు చెప్పనే లేదు. 1989లో ఆమె, మా పాఠశాలలోనే లెక్కలు చెప్పే ఒక హిందూ మాస్టారు పెళ్ళి చేసుకొన్నారు. ఆయన తండ్రి ఏ జమీందారూ కాదు, కాని కోపంలో జమీందారే. ముప్ఫై రోజులు వారి పేర్లు రిజిస్ట్రారు కార్యాలయం గోడమీద ఉన్నాయి. ఊళ్ళో పనీపాటా లేనివారు వెళ్ళి చదివి వచ్చారు. ఆ చట్టం క్రింద ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు దొరికారు. మూడవవాడు ఆనాడు ఉదయం రాలేదు, ఇంట్లో ఎవరో వారించారట. మధ్యాహ్నం బడి విరామంలో నాకు కబురు వచ్చింది. ఎనిమిదవ తరగతికి సంధుల పట్టిక వ్రాసుకోమని చెప్పి, సుద్దముక్క బల్లమీద పెట్టి, సైకిలు తీశాను. చేతికి సుద్ద అంటుకొని ఉంటే, సంతకం పెట్టేముందు ఆమె తన రుమాలు ఇచ్చింది.